తమ్ముడు మూడు రాత్రులుగా నిద్రపోలేదు, గదిలో పటిక లాంటి ముక్కలు దొరికాయి. ఏం చేయాలి?

బెజవాడ_అక్క
మాది విజయవాడ. తమ్ముడికి 26. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, జూన్‌లో మానేశానంటూ ఇంటికొచ్చేశాడు. మానేశాడో, వాళ్లే పంపించేశారో ఇప్పటికీ తెలీదు. వచ్చినప్పటి నుంచి మనిషి మనిషిలా లేడు. మూడు రాత్రులు కన్ను మూయడు, ఆ తర్వాత రెండు రోజులు లేపినా లేవడు. 74 కిలోలు ఉండేవాడు, ఇప్పుడు 58. ఊరికే పళ్లు కొరుకుతుంటాడు. చేతుల మీద గోకి గోకి పుండ్లు చేసుకున్నాడు. మొన్న ఫోన్ కెమెరాకి, టీవీ కింద వెలిగే ఎర్ర లైటుకి ప్లాస్టర్ అంటించాడు. ఎదురింటి వాచ్‌మన్ తన మీద నిఘా పెట్టాడంటాడు. అమ్మేమో ఎవరో చేతబడి చేశారని ఏడుస్తోంది.

నిన్న వాడి గది ఊడుస్తుంటే పరుపు కింద చిన్న జిప్ కవర్ దొరికింది. అందులో గాజు పెంకుల్లాంటి తెల్లటి ముక్కలు, పక్కనే ఒక గాజు గొట్టం. గడ్డం గీసుకున్నాక రాసుకునే పటిక అనుకుని అమ్మ వాటిని తీసుకెళ్లి బాత్‌రూంలో సబ్బు పెట్టెలో పెట్టింది. నెట్‌లో ఫోటోలు చూశాక నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఐస్ అంటారట, మెథ్ అంటారట. దీనికి మాత్రలున్నాయా? ఎక్కడ చూపించాలి? పోలీసులకి తెలిస్తే లోపలేస్తారా? నాన్నకి చెప్పలేదు, ఆయనకి పోయినేడే స్టెంట్ వేశారు.

గోంగూర_గ్యాంగ్
అక్కా, ముందు ఆ సబ్బు పెట్టె తీసెయ్.

బెజవాడ_అక్క
టాయిలెట్‌లో వేసి నీళ్లు కొట్టేశా. తప్పు చేశానా?

మొహమాటం_లేదు
కొట్టాల్సిన వయసులో కొట్టకపోతే ఇలాగే ఉంటుంది. వారం రోజులు గదిలో వేసి తాళం పెట్టండి, అన్నీ దిగిపోతాయి. మా వీధిలో ఒక కుర్రాడికి ఇదే చేశారు, ఇప్పుడు బంగారంలా ఉన్నాడు.

రాత్రి_డ్యూటీ
నేను మానసిక వైద్యంలో పీజీ చేస్తున్నా. @మొహమాటం_లేదు, దయచేసి ఆ తాళం సలహా వెనక్కి తీసుకోండి. ఈ మందు దిగిపోయేటప్పుడు మనిషి అడుగుకి పడిపోతాడు. ఒళ్లెరగని నిద్ర, విపరీతమైన ఆకలి, ఆ వెనకే చెప్పలేనంత దిగులు. చనిపోవాలనే ఆలోచనలు ఎక్కువగా వచ్చేది అప్పుడే. ఆ సమయంలో ఒక్కణ్ణే గదిలో పెట్టి తాళం వేయమంటున్నారు మీరు.

@బెజవాడ_అక్క, మీరు రాసినవన్నీ మెథాంఫెటమిన్‌తో సరిపోతున్నాయి, కానీ చూడకుండా ఖాయంగా చెప్పలేను. మెదడులో డోపమిన్ అనే రసాయనం ఉంటుంది. ఆకలేసినప్పుడు అన్నం దొరికితే, పరీక్ష పాసైతే అది చుక్కలు చుక్కలుగా విడుదలవుతుంది. ఈ మందు దాన్ని గేట్లెత్తినట్టు ఒక్కసారి వదిలేస్తుంది. కొకైన్ సగం దిగడానికి గంట పడితే దీనికి 10 నుంచి 12 గంటలు పడుతుంది. అందుకే రాత్రుళ్లు నిద్ర ఉండదు. నిద్ర లేకపోవడం, మందు కలిసి అనుమానాలు పుట్టిస్తాయి. కెమెరాలు, వాచ్‌మన్ అదే. చర్మం కింద పురుగులు పాకుతున్నట్టు ఉంటుంది, అందుకే గోకుడు. నోరు ఎండిపోయి, పళ్లు కొరికి కొరికి చిగుళ్లు, పళ్లు పాడవుతాయి.

ఛాతీలో నొప్పి, ఒళ్లు కాలిపోయేంత జ్వరం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యి పడిపోవడం, చచ్చిపోతాననడం, ఎవరి మీదికైనా వెళ్లడం, వీటిలో ఏది కనబడినా ఈ థ్రెడ్ చూస్తూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేసి క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. ఇది గుండె కండరాన్ని, మెదడు రక్తనాళాల్ని కూడా దెబ్బ తీస్తుంది, పాతికేళ్ల వాళ్లకీ పక్షవాతం రావచ్చు.

బెజవాడ_అక్క
ఛాతీ నొప్పి లేదు. జ్వరం లేదు. చచ్చిపోతానని అనలేదు, కానీ "నేను లేకపోతే మీకు ఈ గొడవ ఉండదుగా" అన్నాడు మొన్న.

రాత్రి_డ్యూటీ
దాన్ని అన్నట్టే లెక్కేసుకోండి. రాత్రి ఎవరో ఒకరు వాడి గదిలోనే పడుకోండి. 14416 టెలీ మానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ ఫోన్ లైను, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మత్తు మందులకి ప్రత్యేకంగా 14446 ఉంది. రెండూ ఉచితమే.

కూకట్‌పల్లి_కుర్రాడు
ఎండీ, మెథ్ ఒకటేనా? ఫ్రెండ్ కోసం అడుగుతున్నా.

గోంగూర_గ్యాంగ్
ఆ ఫ్రెండ్‌ని అద్దంలో చూసి అడిగావా?

పాతకాపు
ఒకటి కాదు. హైదరాబాద్ పార్టీల్లో ఎండీ అంటే ఒకడు ఎండీఎంఏ (ఎక్స్‌టసీ) ఇస్తాడు, ఇంకొకడు మెఫెడ్రోన్ అనే వేరే మత్తు మందు ఇస్తాడు, మూడోవాడు ఈ మెథ్‌నే ఇస్తాడు. అమ్మేవాడికీ తెలియదు. నాకు తెలుసు, ఎందుకంటే నేను మూడేళ్లు కొన్నాను.

పాతకాపు
ఫోన్లో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. రెండేళ్ల రెండు నెలలైంది మానేసి.

నేను మొదలుపెట్టింది మజా కోసం కాదు. అమెరికా షిఫ్టు, పైగా పెళ్లిచూపులకి ముందు బరువు తగ్గాలి. రెండిటికీ ఒకటే మందు అన్నాడు రూమ్మేట్. మొదటి రాత్రి ఇల్లంతా కడిగి, పెండింగ్ పనంతా పూర్తి చేసి, తెల్లారి అమ్మకి ఫోన్ చేసి గంటసేపు మాట్లాడా. ఆ రాత్రి మళ్లీ రాలేదు, మూడేళ్లు దాని కోసమే వెతుక్కున్నా.

మా వాళ్లు ముందు ఒక ప్రైవేటు సెంటర్‌లో వేశారు. పేరు వద్దు. 40 మందికి రెండు బాత్‌రూంలు, డాక్టరు వారానికోసారి వచ్చి సంతకం పెట్టి పోయేవాడు. ఎదురు మాట్లాడితే మంచానికి కట్టేసేవాళ్లు. మూడు నెలలకి రెండు లక్షలు. బయటికొచ్చిన రోజే కొన్నాను. అక్కడ నేర్పింది ఒక్కటే, ఇంట్లోవాళ్లకి ఎలా అబద్ధం చెప్పాలో.

తర్వాత ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి. నిద్ర, ఆకలి పది పదిహేను రోజుల్లో సర్దుకుంటాయి, చూసేవాళ్లు తగ్గిపోయిందనుకుంటారు. అసలు కథ అప్పుడు మొదలవుతుంది. ఆర్నెల్ల పాటు నాకు ఏ రుచీ లేదు. మ్యాచ్ చూస్తే మ్యాచ్ కాదు, బిర్యానీ తింటే బిర్యానీ కాదు. మా చెల్లి పెళ్లిలో తలంబ్రాలు పోస్తుంటే అందరూ నవ్వుతున్నారు, నేను గోడ చూసినట్టు చూస్తున్నా. బతుకంతా ఇలాగే ఉంటుందేమో, ఇంక మానేసి ఏం లాభం అనిపించేది.

శబరి_సాయి
అయ్యప్ప మాల వేయించండి అక్కా. 41 రోజులు దీక్ష, చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, స్వాముల తోడు. మా బావమరిది తాగుడు అలాగే పోయింది.

పాతకాపు
@శబరి_సాయి నేనూ వేశాను స్వామీ. 41 రోజులు ముట్టలేదు, నిజం. ఆ రోజులు బాగున్నాయి కూడా, పొద్దున్నే లేపేవాళ్లుండేవాళ్లు, చుట్టూ మనుషులుండేవాళ్లు. మాల తీశాక రెండో రోజు జీతం పడింది. మాదాపూర్‌లో ఆ ఏటీఎం పక్కనే మా వాడు నిలబడే టీ కొట్టు. జీతం మెసేజ్ చప్పుడుకే నోట్లో నీళ్లూరాయి.

శబరి_సాయి
అది దీక్ష తప్పు కాదుగా.

పాతకాపు
కాదు. 41 చాలవు అంటున్నా.

రాత్రి_డ్యూటీ
ఇద్దరూ కరెక్టే. 2001లో అమెరికాలో ఈ మందు మానేసినవాళ్ల మెదడు స్కాన్లు తీసి చూశారు. డోపమిన్‌ని వెనక్కి లాక్కునే వ్యవస్థ కోలుకోవడం కనబడింది, కానీ అది 12 నుంచి 17 నెలలు దూరంగా ఉన్నవాళ్లలో. అప్పటికీ జ్ఞాపకశక్తి పరీక్షల్లో పూర్తిగా వెనక్కి రాలేదు. పాతకాపు చెప్పిన ఆ "రుచి లేని ఆర్నెల్లు" మనసు బలహీనత కాదు.

చరిత్ర_చాదస్తం
ఈ మందు కొత్తదేం కాదు. 1893లో జపాన్‌లో నాగాయి అనే ఆయన ఎఫిడ్రిన్ నుంచి తీశాడు. 1938లో జర్మనీలో పెర్విటిన్ పేరుతో మాత్రలుగా అమ్మారు, యుద్ధంలో సైనికులకి నిద్ర రాకుండా ఇచ్చారు. జపాన్‌లో యుద్ధం అయ్యాక మిగిలిన సరుకు బజార్లోకొచ్చి జనం అలవాటు పడితే 1951లో నిషేధ చట్టం తెచ్చారు. మన వైపు మయన్మార్ నుంచి సముద్రం మీద కూడా వస్తోంది. 2024 నవంబర్‌లో అండమాన్ దగ్గర ఒక్క పడవలో 5 టన్నులకి పైగా పట్టుకున్నారు.

గోంగూర_గ్యాంగ్
సార్ అటెండెన్స్ వేసుకోండి, వెళ్తాం.

మొహమాటం_లేదు
ఇన్ని చెప్పారు, మందేంటో చెప్పలేదు. సారా మానడానికి అన్నంలో తెలియకుండా కలిపే పొడి ఉంది, కొరియర్‌లో వస్తుంది. అలాంటిది దీనికి లేదా?

రాత్రి_డ్యూటీ
ఆ పొడుల్లో ఏముంటుందో అమ్మేవాడికే తెలియాలి. తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉంది, అది తెలియకుండా పెడితే, వాడు తాగితే, బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. మెథ్ మీద అదేం పనిచేయదు కూడా.

మాత్ర విషయం సూటిగా చెప్తా. హెరాయిన్‌కి బ్యుప్రెనార్ఫిన్ ఉన్నట్టు మెథ్ అలవాటుకి ఆమోదం పొందిన మందు ఏదీ లేదు. అమెరికాలో 403 మంది మీద నాల్‌ట్రెక్సోన్ ఇంజెక్షన్, బుప్రోపియాన్ మాత్ర కలిపి ఇచ్చి చూశారు, 2021లో ఫలితాలు వచ్చాయి. మందు తీసుకున్నవాళ్లలో 13.6 శాతం మందికి గుణం కనబడింది, ఉత్తుత్తి మాత్రలు తీసుకున్నవాళ్లలో 2.5 శాతం.

కూకట్‌పల్లి_కుర్రాడు
వందలో 14 మందికా? దానికి ఇంజెక్షన్ ఎందుకు బాస్.

రాత్రి_డ్యూటీ
ఏమీ లేని చోట అదే గొప్ప. అనుమానాలు, గొంతులు వినబడటం ఉంటే వాటికి కొన్నాళ్లు మాత్రలిస్తాం, అవి బాగానే పనిచేస్తాయి. దిగులుంటే దానికి వేరే. కానీ అలవాటు మీద ఇప్పటిదాకా అన్నిటికన్నా బాగా పనిచేసింది మాత్ర కాదు. అది ఫ్రెస్నో పిన్ని గారు చెప్తే బాగుంటుంది, ఆవిడ పనే అది.

ఫ్రెస్నో_పిన్ని
పిలిచారా? కాలిఫోర్నియాలో కౌంటీ క్లినిక్‌లో కౌన్సెలర్‌గా పన్నెండేళ్ల నుంచి చేస్తున్నాను. మా వైపు పొలాల్లో, లారీల మీద పనిచేసేవాళ్లలో ఈ మందు చాలా ఎక్కువ. మన పిల్లలు కూడా ఒకరిద్దరు వచ్చారు, చదువుకోడానికి వచ్చి రాత్రి పూట పెట్రోల్ బంకుల్లో పనిచేసేవాళ్లు.

మా పద్ధతి వింటే నవ్వుతారు. వారానికి రెండుసార్లు వచ్చి మూత్రం పరీక్ష చేయించుకోవాలి. మెథ్ లేదని వస్తే అక్కడికక్కడే గిఫ్ట్ కార్డు. ఇంకోసారి కూడా లేకపోతే కొంచెం పెద్దది. వచ్చిందనుకోండి, తిట్టం, గెంటేయం, మళ్లీ చిన్న కార్డు నుంచి మొదలు. మా రాష్ట్రంలో 2023 నుంచి ప్రభుత్వ బీమా కిందే ఇస్తున్నారు, 24 వారాలు, ఏడాదికి 599 డాలర్లు దాటకుండా. మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 2011 నుంచే ఉంది. కొన్ని చోట్ల కార్డు బదులు గిన్నెలోంచి చీటీ తీయిస్తారు, మన ఎగ్జిబిషన్‌లో లక్కీ డిప్ లాగా. సగం చీటీల మీద "శభాష్" అని మాత్రమే ఉంటుంది. అయినా చెయ్యి పెట్టి తీసేటప్పుడు వాళ్ల మొహాలు చూడాలి.

మొహమాటం_లేదు
అంటే తప్పు చేసినవాడికి డబ్బులిస్తారా! మా అబ్బాయి ఏ అలవాటూ లేకుండా చదువుకుంటున్నాడు, వాడికేం ఇవ్వాలి?

గోంగూర_గ్యాంగ్
వాడికి ఇలాంటి నాన్న ఉన్నందుకు నష్టపరిహారం.

ఫ్రెస్నో_పిన్ని
@మొహమాటం_లేదు, నేనూ మొదట్లో అచ్చం ఇదే మాట అన్నాను. తర్వాత అర్థమైంది. ఆ మెదడుకి ఆర్నెల్ల తర్వాత ఆరోగ్యం వస్తుందని చెప్తే ఎక్కదు, రుచే తెలియనివాడికి రేపటి విందు గురించి చెప్పినట్టు. ఇవాళే, ఇప్పుడే, చేతిలో పడేది కావాలి. మొత్తం మీద ఒక్క రాత్రి ఐసీయూ ఖర్చుకంటే చవక. దీనితో పాటు మాటల చికిత్స కూడా ఉండాలి, ఏ చోట, ఏ మనిషి, ఏ గంటకి మనసు లాగుతుందో పట్టుకోవడం. పాతకాపు ఏటీఎం గురించి చెప్పాడే, అదే.

పాతకాపు
నేను జీతం కార్డు నాన్న చేతికిచ్చా, సిమ్ మార్చా, రూమ్ మార్చా. టీ మానలేదు గానీ ఆ రోడ్డున వెళ్లడం మానేశా. ప్రభుత్వాసుపత్రిలో సైకాలజిస్ట్ దగ్గరికి నాలుగు నెలలు వారం వారం వెళ్లా. మధ్యలో రెండుసార్లు జారాను. ఆవిడ "సరే, ఎక్కడ జారావో చెప్పు" అంది తప్ప ఇంకేం అనలేదు.

నల్లకోటు
అక్క అడిగిన పోలీసు సంగతికి జవాబు ఎవరూ ఇవ్వలేదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తు మందుల) చట్టం ప్రకారం వాడటం నేరమే, దగ్గర పెట్టుకోవడమూ నేరమే. మెథ్‌కి 2 గ్రాముల దాకా చిన్న మొత్తం, 50 గ్రాములు దాటితే వాణిజ్య మొత్తం, దానికి పదేళ్లకి తక్కువ ఉండదు. కానీ అదే చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. వాడినందుకో, చిన్న మొత్తం దొరికినందుకో కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ లేదా ప్రభుత్వం గుర్తించిన ఆసుపత్రిలో చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ ఉండదు. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. కాబట్టి ఓపీ చీటీ, డిశ్చార్జి కాగితాలు పారేయకండి.

ఇంకోటి. పాతకాపుని కట్టేశారన్నాడు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం రోగిని గొలుసులతో కట్టడం నిషేధం, సెంటర్‌కి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. చేర్చే ముందు ఆ కాగితం అడగండి. మనిషి ఒప్పుకునే స్థితిలో లేకపోతే ఇద్దరు నిపుణులు విడివిడిగా చూసి రాస్తే 30 రోజుల దాకా చేర్చుకునే వీలుంది. ఇంట్లోవాళ్లు వ్యాన్‌లో పడేసి పంపించడం చికిత్స కాదు.

బెజవాడ_అక్క
అందరికీ దండాలు. కానీ వాడు రావాలిగా. ఆసుపత్రి అంటే "నాకు పిచ్చా, మీరూ ఆ వాచ్‌మన్‌తో కలిశారా" అంటున్నాడు.

పాతకాపు
వాచ్‌మన్ గురించి వాదించకండి. లేడనకండి, ఉన్నాడని కూడా అనకండి. "భయమేస్తోందా, నిద్ర లేక ఎంత కష్టంగా ఉందో" అనండి. నన్ను మా చెల్లి పంటి డాక్టరు పేరు చెప్పి బయటికి తీసుకెళ్లింది, దార్లో నిజం చెప్పేసింది. మోసం చేసి గుమ్మం దాకా తీసుకెళ్తే మాత్రం నేను దిగేవాణ్ణి కాదు. నిద్ర కోసం వెళ్దాం అనండి, అది అబద్ధం కాదు. రెండు రోజులు పడుకుని లేచినప్పుడు అడగండి, ఎక్కి ఉన్నప్పుడు కాదు.

రాత్రి_డ్యూటీ
వంద మార్కులు. విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో, మంగళగిరి ఎయిమ్స్‌లో సైకియాట్రీ ఓపీలున్నాయి. హైదరాబాద్‌లో అయితే ఎర్రగడ్డ, వైజాగ్‌లో అయితే చినవాల్తేరు. బెంగళూరు వెళ్లగలిగితే నిమ్హాన్స్‌లో వ్యసనాలకి ప్రత్యేక విభాగం ఉంది.

పెద్దాపురం_పెద్దమ్మ
పిల్లాడికి తగ్గాక ఒక పెళ్లి చేసేయండమ్మా, కుదురుకుంటాడు.

ఫ్రెస్నో_పిన్ని
వద్దు వదినా. ఆ వచ్చే పిల్ల ఏం పాపం చేసింది.

బెజవాడ_అక్క
(ఐదు రోజుల తర్వాత) వచ్చాడు! ఆదివారం సాయంత్రం లేచి నాలుగు ప్లేట్ల ఉప్మా తిని, ఊరికే ఏడ్చాడు. నిద్ర కోసం వెళ్దామా అన్నా. తలూపాడు. బీపీ 160/100, ఈసీజీ బాగుంది. పది రోజులకి చేర్చుకున్నారు. ఎనిమిది నెలల నుంచి వాడుతున్నాడట. నాన్నకి అమ్మే చెప్పేసింది. ఆయన ఏం మాట్లాడలేదు, చొక్కా వేసుకుని ఆసుపత్రికి వెళ్లి వాడి మంచం పక్కన పేపర్ చదువుతూ కూర్చున్నాడు.

గోంగూర_గ్యాంగ్
అక్కా ఇంక జోకులెయ్యను. ఒక్క రోజు.

కూకట్‌పల్లి_కుర్రాడు
ఇంట్లో చూసుకునే మూత్రం కిట్లు నమ్మొచ్చా? ఈసారి నిజంగానే నా కోసమే అడుగుతున్నా.

రాత్రి_డ్యూటీ
అడిగినందుకు సంతోషం. స్ట్రిప్‌లో మెథ్‌కి, ఎండీఎంఏకి వేరే వేరే గీతలుంటాయి, మామూలుగా రెండు నాలుగు రోజుల్లోపు వాడింది పట్టుకుంటుంది. మెఫెడ్రోన్ ఈ స్ట్రిప్పుల్లో సాధారణంగా దొరకదు. సూడోఎఫిడ్రిన్ ఉన్న జలుబు మాత్ర వేసుకున్నా కొన్నిసార్లు తప్పుడు పాజిటివ్ వస్తుంది, కాబట్టి స్ట్రిప్ చూసి కొట్లాటలు పెట్టుకోవద్దు. నువ్వు 14446కి ఈ రాత్రే ఫోన్ చెయ్, పేరు కూడా చెప్పక్కర్లేదు.

బెజవాడ_అక్క
(ఆరు వారాలకి) చాలామంది మెసేజ్‌లో అడుగుతున్నారు, అందుకే రాస్తున్నా. డిశ్చార్జ్ అయ్యాక 19వ రోజు పాత ఫ్రెండ్ ఒకడు బండి మీద వచ్చాడు, ఆ రాత్రి వాడాడు. స్ట్రిప్ పాజిటివ్. నేను అరిచేశాను, పిన్ని గారు చెప్పిందంతా మర్చిపోయి. మర్నాడు సారీ చెప్పి ఎక్కడ జారావో చెప్పమన్నా. ఆ నంబర్ వాడే నా ఎదురుగా బ్లాక్ చేశాడు. వాచ్‌మన్ గోల పూర్తిగా పోయింది, మొన్న ఆయనకే టీ ఇచ్చొచ్చాడు. బరువు 63. కానీ పాతకాపు చెప్పిన ఆ రుచి లేకపోవడం ఉంది, రోజంతా గోడకి ఆనుకుని కూర్చుంటాడు.

డాక్టర్‌ని అడిగి లక్కీ డిప్ మొదలుపెట్టాం. సోమ, గురువారాల్లో పరీక్ష. పాత హార్లిక్స్ సీసాలో నేను చీటీలు వేశా. శభాష్, 50 రూపాయలు, పునుగులు, కూరగాయల డ్యూటీ మాఫీ, ఒకే ఒక్కటి 500. నిన్న వాడు తీసిన చీటీ నా రాత కాదు. "క్రికెట్ మ్యాచ్ కలిసి చూద్దాం. ఉద్యోగం గురించి అడగను." అని ఉంది. నాన్న ఎప్పుడు వేశారో తెలీదు.

పాతకాపు
చూశారా మరి?

బెజవాడ_అక్క
చూశారు. పదిహేనో ఓవర్‌కి నాన్న నిద్రపోయారు. వీడు సౌండ్ తగ్గించి చివరిదాకా చూశాడు.

గోంగూర_గ్యాంగ్
ఆ 500 చీటీ ఇంకా సీసాలోనే ఉందా? నాకూ ఒక్క ఛాన్స్ ఇవ్వక్కా.